ఉమ్మడి సొత్తు, ఊరి స్వపరిపాలనము

కట్టుబాటు లేని స్వాతంత్ర్యము నిలువదు. స్వాతంత్ర్యము లేని కట్టుబాటును నిలువదు. రాజ్యాంగ విషయమున ఈ మాటలు మనకు చిరపరిచితములు. ఊరి చెరువు విషయమునను, మేతబీడు విషయమునను, కొండయడవి విషయమునను ఇవియే సత్యములని మాత్రము మనము తఱచు మఱచుచున్నాము. నేడు లోకమంతట అభివృద్ధి యనియు, సుస్థిరత యనియు రెండు మంత్రములు వినవచ్చుచున్నవి. రాబోవు తరములవారి అవసరములకు భంగము కలుగకుండ నేటివారి అవసరములను తీర్చుకొనుటయే సుస్థిరమైన అభివృద్ధియని 1987లో బ్రంట్లాండ్ సంఘము నిర్వచించినది. 2015లో ఐక్యరాజ్యసమితి సభ్యరాజ్యములన్నియు కూడి 2030 నాటికి సాధింపవలసిన 17 లక్ష్యములను ప్రకటించినవి. లక్ష్యములు ఉత్తమములే. వానిని సాధించువారెవరు? దొరతనమా, ధనికుల వర్తకమా, పరదేశములనుండి వచ్చు సహాయనిధులా, లేక చెరువు క్రింద బ్రదుకుచున్న రైతులు, పల్లెవారు, గొల్లలు, చాకలివారునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకై తన జీవితమునంతయు ధారపోసిన యొక పండితురాలి కృషిని నేడు మన పాఠకుల యెదుట నుంచదలచితిమి. ఆమె పేరు ఎలినార్ ఆస్ట్రమ్.

ఆస్ట్రమ్ గారు 1933లో అమెరికా దేశమునందలి లాస్ ఏంజెలిస్ నగరమున జన్మించిరి. పాఠశాలలో గణితమును చాలినంత చదువనీయని కారణమున అర్థశాస్త్రమునందు డాక్టరు పట్టమునకు చదువుటకు ఆమెకు అవకాశము దొరకలేదు. రాజనీతిశాస్త్రమునందు చదివి 1965లో ఆ పట్టము నందిరి. అర్థశాస్త్రపు గుమ్మమునొద్దనుండి మరలింపబడిన ఆ స్త్రీకే 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము, ఆలివర్ విలియమ్సన్ అను మఱియొక పండితునితో సమభాగముగా, లభించినది. ఆ శాస్త్రమున ఆ బహుమానము నందిన మొదటి స్త్రీ ఆమెయే. భర్తయగు విన్సెంట్ ఆస్ట్రమ్ తో కూడి 1973లో ఇండియానా విశ్వవిద్యాలయమున ఆమె స్థాపించిన పరిశోధనాలయమునకు వారు పెట్టుకొన్న పేరు "పనిశాల". 2012లో ఆమె కాలధర్మము నందిరి. ఇక ఆమె చేసిన పనిని విచారింతము.

1968లో గారెట్ హార్డిన్ అను జీవశాస్త్రజ్ఞుడు ఒక వ్యాసమును ప్రకటించెను. అందఱికిని తెఱపియైన యొక మేతబీడును ఊహింపుడని ఆయన చెప్పెను. ప్రతి కాపరియు తన మందకు మఱియొక పశువును చేర్చుకొనిన లాభమంతయు తనకే. బీడు పాడగుటవలన కలుగు నష్టము మాత్రము అందఱకును పంపకమగును. కావున ప్రతివాడును మందను పెంచును, తుదకు బీడు నశించును, అందఱును చెడుదురు. ఉమ్మడి సొత్తునకు వినాశము తప్పదనియు, దానిని వ్యక్తులకు పంచి యిచ్చుటయో, ప్రభుత్వము స్వాధీనము చేసికొనుటయో తప్ప గత్యంతరము లేదనియు దీనినుండి లోకము గ్రహించిన సారము. ఈ వాదము విశ్వవిద్యాలయములనుండి ప్రభుత్వ కార్యాలయములకును, అచ్చటనుండి ఋణమిచ్చు అంతర్జాతీయ సంస్థలకును ప్రాకినది. అడవులను ప్రభుత్వము స్వాధీనము చేసికొనుటకు ఇది యొక సాకు; బంజరులను కొందఱికి పట్టా చేసి యిచ్చుటకు ఇదియే మఱియొక సాకు.

హార్డిన్ ఊహలో ఒక లోపము కలదు. ఆయన చిత్రించిన కాపరులు ఒకరితో నొకరు మాటలాడుకొనరు. చావడిలో కూర్చుండరు, తగవు తీర్చుకొనరు, కట్టుబాటు చేసికొనరు. అట్టి మనుష్యులు లోకమున నెచ్చట నున్నారు? ఎవరికిని చెందక, కట్టుబాటులేక పడియున్న సొత్తు వేఱు. ఒక యూరికి చెంది, ఊరివారి నియమములకు లోబడిన సొత్తు వేఱు. న్యాయశాస్త్రము చదివినవారికి ఈ భేదము విశదమే. తన వాదము కట్టుబాటు లేని ఉమ్మడి సొత్తునకే వర్తించునని హార్డిన్ స్వయముగా తరువాతి కాలమున ఒప్పుకొనెను. అప్పటికి జరుగవలసిన అపకారము జరిగియే యున్నది.

ఆస్ట్రమ్ గారు ఊహలతో తృప్తి నందక లోకమును చూడబోయిరి. ఆమె మొదటి పరిశోధన స్వస్థలముననే జరిగినది. లాస్ ఏంజెలిస్ ప్రాంతమున భూగర్భజలమును ఎవరికి తోచినంత వారు తోడుకొనుచుండగా, మట్టము దిగజాఱి, సముద్రపు ఉప్పునీరు లోనికి చొచ్చుకొని వచ్చినది. అచ్చటి నీటి వాడుకదారులు న్యాయస్థానమున వ్యాజ్యము వేసికొనిరి. వ్యాజ్యము నడచుచుండగనే రాజీకి వచ్చి ఎవరెంత తోడవలెనో నిర్ణయించుకొనిరి. నియమము నెఱవేఱుచున్నదో లేదో చూచుటకు ఏర్పాటు చేసికొనిరి. బోరుబావుల పందెములో అప్పులపాలైన మన అనంతపురము రైతులకును, ఉప్పునీరు చొచ్చుకొనివచ్చుచున్న మన కోస్తా పల్లెలకును ఈ వృత్తాంతము వినదగినది.

1990లో ప్రకటించిన ప్రధాన గ్రంథమున ఆమె అనేక దేశముల ఉదాహరణములను కూర్చిరి. స్విట్జర్లండు పర్వతములలో టోర్బెల్ అను గ్రామము కలదు. ఆ యూరివారు తమ ఉమ్మడి కొండబీడును గూర్చి 1483లోనే కాగితముపై ఒడంబడిక వ్రాసికొనిరి. 1517 నాటి నియమము మఱియు గమనింపదగినది: శీతకాలమున తన సొంత గడ్డితో ఎన్ని యావులను పోషింపగలడో అన్ని యావులనే వేసవిలో కొండబీడునకు తోలవలెను. ఇంతకంటె సులభమైన కొలత ఏ యింజనీరు కనిపెట్టగలడు? ఎవరి గడ్డివామి యెంతటిదో ఊరంతకును తెలియును. దొంగలెక్క వ్రాయుటకు వీలులేదు. శతాబ్దములు గడచినను ఆ బీడు నశింపలేదు.

స్పెయిన్ దేశమందలి వలెన్సియా నగరమున, ప్రతి గురువారమును, ప్రధాన దేవాలయము ద్వారమునొద్ద, కాలువల రైతులు తాము ఎన్నుకొన్న ధర్మకర్తలతో న్యాయసభ తీర్తురు. వాదప్రతివాదములు నోటిమాటతోనే, తీర్పు అప్పటికప్పుడే. వకీళ్లకు అచ్చట పనిలేదు! వృత్తిరీత్యా మాకు ఇది కొంత ఖేదకరమే యైనను, కాలువ వంతు తగవు పది పదునైదేండ్లు కోర్టుల చుట్టు తిరుగుట నెఱిగిన మేము ఆ సభను శ్లాఘింపక యుండలేము. 2009లో ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థ ఆ న్యాయసభను మానవజాతి వారసత్వ సంపదలలో చేర్చినది.

ఇట్టి వ్యవస్థలలో చిరకాలము నిలిచినవానిని, కూలిపోయినవానిని పోల్చి చూచి ఆమె ఎనిమిది సూత్రములను తేల్చిరి. సొత్తునకు ఎల్లయు, హక్కుదారులకు లెక్కయు స్పష్టముగా నుండవలెను. నియమములు ఆ స్థలమునకు తగినవై, పొందు ఫలమును పడు శ్రమయును సరితూగవలెను. నియమములచే బద్ధులగువారికి నియమములను మార్చుకొను హక్కుండవలెను. కావలి యుండవలెను; ఆ కావలివారు ఊరికి జవాబుదారులై యుండవలెను. తప్పునకు దండన మొదట స్వల్పముగ నుండి, తప్పు మరల చేసినకొలది పెరుగవలెను. తగవులు తీర్చు స్థలము చేరువలోను, ఖర్చు తక్కువగను ఉండవలెను. తమ వ్యవస్థను తాము కల్పించుకొను ప్రజల హక్కును ప్రభుత్వము అడ్డగింపరాదు. సొత్తు పెద్దదైనప్పుడు చిన్న సంఘములపై పెద్ద సంఘములు అంచెలంచెలుగా నిలువవలెను. పాఠకులు ఈ యెనిమిదింటిని మరల చదివి చూతురుగాక. స్వపరిపాలనము అను ఒక్క మాటకు ఇవి టీకావ్యాఖ్యానములు గావా?

ఆమె కృషిలో మనకు మిక్కిలి ఉపయుక్తమైన భాగము నేపాళ దేశమున జరిగినది. ఆ దేశమున రైతులే కట్టుకొని నడుపుకొను కాలువలు కలవు. ప్రభుత్వము కట్టించి ఉద్యోగులచేత నడపించు కాలువలును కలవు. ఆమెయు, ఆమె సహచరులును రెండువందలకు పైగా ఇట్టి కాలువలను గూర్చిన వివరములను సేకరించి పోల్చిరి. ప్రభుత్వపు కాలువలకు కాంక్రీటు తలకట్టులు, చదువుకొన్న యింజనీర్లు కలరు. రైతుల కాలువలకు రాళ్లు, కొమ్మలు, మట్టి కలిపి ఏటేట వేసికొను అడ్డుకట్టలే గతి. అయినను మొత్తముమీద రైతుల కాలువల క్రిందనే పంట హెచ్చు. రైతుల కాలువలలోనే నీరు చివరి పొలమువఱకు చేరుచున్నది.

కారణ మేమి? అది మిక్కిలి ఆసక్తికరమైనది. మట్టికట్ట ప్రతి వానకాలమునను కొట్టుకొనిపోవును. దానిని మరల వేయుటకు ఎగువ రైతులకు దిగువ రైతుల చేతిబలము కావలెను. "మాకు నీరు వదలినగాని మేము పనికి రాము" అని దిగువవాడు చెప్పగలడు. ఈ బేరమునుండియే వంతులు, కొలతలు, కట్టుబాట్లు పుట్టినవి. పరదేశ ధనముతో శాశ్వతమైన కాంక్రీటు కట్ట వచ్చినది. ఎగువవానికి ఇక దిగువవానితో పనిలేదు. బేరము పోయినది, బేరముతో కట్టుబాటు పోయినది, దిగువ పొలము ఎండినది. ఉపకారము చేయవచ్చినవారు కట్టను బలపఱచి, ఆ కట్ట వెనుకనున్న మనుష్యుల పొత్తును కూల్చిరి. కాంక్రీటు చెడ్డదని ఆమె చెప్పలేదు, మేమును చెప్పము. ఎవరికి ఎవరితో అవసరము కలదో విచారింపక పోయు కాంక్రీటు దిగువవానికి చేటు తెచ్చునని మాత్రమే దీని తాత్పర్యము.

ఈ పాఠమునే ఆమె సహాయనిధుల విషయమునకును వర్తింపజేసిరి. "సిడా" అను స్వీడన్ ప్రభుత్వ సహాయసంస్థ, తాను పెట్టు ధనముతో ఆరంభమైన పనులు తాను వైదొలగిన పిమ్మట ఏల నిలువకున్నవో విచారింపుమని ఆమెను, ఆమె సహచరులను కోరినది. వారు భారతదేశమునను, జాంబియా యందును ఆ సంస్థ పనులను పరిశీలించిరి. ఆ విచారణ ఆధారముగా 2005లో ఒక గ్రంథమును ప్రకటించిరి. దారిలో పడియున్న క్షతగాత్రుని ఆదరించిన సమరీయుని కథ క్రైస్తవ గ్రంథమున ప్రసిద్ధము. ఆ సమరీయునికి కలుగు ధర్మసంకటమే ఆ గ్రంథమునకు పేరు. తోడ్పడువాడు తప్పక తోడ్పడునని తెలిసినయెడల, తోడ్పాటు పొందువాడు తన ప్రయత్నమును తగ్గించుకొనును. తుదకు ఇచ్చువానికి విరామము లేదు, పుచ్చుకొనువానికి నిలుకడ లేదు.

వారు కనుగొన్న సంగతులు మన దేశపు పాఠకులకు క్రొత్తగా తోచవు. ఏడాది ముగియులోపల కేటాయించిన సొమ్మును ఖర్చు పెట్టవలెనను తొందర, ఒక పని అర్థమగులోపల ఉద్యోగికి బదిలీ, పని నిలిచినను కూలినను ఆ ఉద్యోగి జీతముమీద గాని, హెచ్చింపుమీద గాని దాని ఫలితము లేకపోవుట, కాంట్రాక్టర్ల పలుకుబడి, ఎవరికొఱకు పని జరుగుచున్నదో వారి మాట మాత్రము ఎచ్చటను వినబడకుండుట. ఉపన్యాసములలో "ఇది మీ పథకము" అని పల్లెవారితో చెప్పుదురు. ఎంత ఖర్చు పెట్టవలెనో, ఎచ్చట పెట్టవలెనో, ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించు అధికారము మాత్రము పల్లెవారికి లేదు. యాజమాన్యమనగా ఆ మూడు అధికారములే గదా! స్వీడన్ వారు తమ లోపమును తామే విచారింపజేసిరి, అందులకు వారిని మెచ్చుకొనవలెను. ఆ లోపము స్టాక్‌హోమునకు మాత్రమే పరిమితము కాదు. మన రాజధానులనుండి మన పల్లెలకు వచ్చు పథకములును ఆ మూసలోనివే.

ఆంధ్రదేశమునకు ఈ శాస్త్రముతో ప్రత్యక్షమైన సంబంధము కలదు. రాబర్ట్ వేడ్ అను పండితుడు కర్నూలు జిల్లా పల్లెలలో తిరిగి, 1988లో "పల్లె గణతంత్రములు" అని అర్థమిచ్చు పేరుతో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆస్ట్రమ్ గారి విచారమునకు తోడునీడగా నిలిచిన గ్రంథములలో అది యొకటి. కాలువ క్రింది గ్రామములు కొన్నింటిలో, చట్టప్రకారము ఏర్పడిన పంచాయతితో సంబంధము లేక, ఊరివారే ఒక సభను ఏర్పఱచుకొనుట ఆయన చూచెను. ఆ సభకు ఉమ్మడి నిధి కలదు. కోత యైన పొలములలో మందలను మేపుకొను హక్కును గొల్లలకు వేలము వేయగా వచ్చిన సొమ్ము అందులో చేరును. ఆ నిధినుండి జీతమిచ్చి నీరుగంటులను నియమింతురు. పైరు కావలివాండ్రను నియమింతురు. ప్రక్క గ్రామములో ఇట్టిదేమియు లేదు. ఈ భేదమునకు కులమో, నాయకత్వమో కారణమని తలంపవచ్చును. ఆయన కనుగొన్న ముఖ్యకారణము వేఱు: కాలువకు చివరనున్న గ్రామములు, నీరు రాదను భయము గల గ్రామములు, కట్టుబాటు చేసికొన్నవి. నీరు సమృద్ధిగా దొరకు ఎగువ గ్రామములకు ఆ అవసరము కలుగలేదు. మన రైతునకు ఐకమత్యము చేతకాదని నిందించువారు ఈ గ్రంథమును చదువవలెను. అవసరమును, ఫలమును కంటికి కనబడినచోట మన రైతు ఎవరి ఉపదేశమును లేకయే ఏకమైనాడు.

మన పూర్వులును ఈ మర్మము నెఱుగనివారు కారు. కడప మండలమందలి పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు త్రవ్వించిన ఆ తటాకమునకై వేయిమంది కూలీలు రెండేండ్లు పనిచేసిరని అందు వ్రాయబడియున్నది. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములతోపాటు ఆఱు దోషములను కూడ ఆ శాసనము పేర్కొన్నది. చవుడు నేల ఒక దోషము. కట్టనుండి నీరు కాఱుట ఒక దోషము. రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట మఱియొక దోషము! ఎవరి అధికారమో తేలని నీరు నిలువదని ఆఱువందల యేండ్లకు పూర్వమే మనవారు ఱాతిమీద చెక్కిరి. రాయలసీమలో చెరువు మరామత్తుకై దశబంధపు మాన్యములుండెను. ఆంగ్లేయ ప్రభుత్వకాలమున చెరువు శిస్తు సర్కారు బొక్కసమునకు పోయినది. మరామత్తు చాకిరి మాత్రము ఊరివారి తలమీద మిగిలినది. 1858లో మద్రాసు రాజధానియందు చేసిన చట్టము ఆచారసిద్ధమైన ఆ శ్రమను నిర్బంధశ్రమగా మార్చినది. హక్కు తీసికొని బాధ్యతను మిగిల్చినయెడల కట్టుబాటు వెట్టిచాకిరి యగును. మన చెరువుల క్షయమునకు బీజము ఇచ్చట పడినది.

ఇచ్చట ఒక ప్రబలమైన ఆక్షేపణ కలదు; దానిని దాచిపెట్టుట ధర్మము కాదు. ఊరికి అధికార మీయవలెనన్న, ఊరనగా ఎవరు? 1927లో మహద్ పట్టణమున చౌదారు చెరువు నీటిని దోసిట పట్టుటకై డాక్టరు అంబేద్కరుగారు వేలకొలది జనముతో నడచిపోవలసి వచ్చినది. ఆ చెరువునకును ఎల్ల కలదు; హక్కుదారుల లెక్కయు కలదు. ఆ లెక్కలో కొందఱు మనుష్యులు లేరు, అంతే. 1948లో రాజ్యాంగ నిర్ణయసభలో ఆయన పల్లెలను గూర్చి పలికిన కఠినవాక్యములు ఈ అనుభవమునుండి వెడలినవే. కర్నూలు జిల్లా పల్లెసభలలో కూడ పెద్ద కమతములవారిదే పైచేయియని వేడ్ పండితుడే వ్రాసియున్నాడు. ఎల్ల నేర్పఱచుటను గూర్చి ఆస్ట్రమ్ గారి మొదటి సూత్రము చెప్పును. ఆ ఎల్లలోపల ఎవరుండవలెనో అది చెప్పదు. దానిని చెప్పవలసినది ధర్మము, మన రాజ్యాంగము. బావులు, చెరువులు, స్నానఘట్టముల వాడుకలో కులమతభేదము పనికిరాదని రాజ్యాంగపు 15వ అధికరణము శాసించినది. కావున ఊరికి అధికార మీయవలెనన్న మా వాదము, ఊరిలోని ప్రతి మనిషికిని ఆ అధికారమున భాగముండవలెనన్న వాదముతో జంటగా నిలిచినప్పుడే న్యాయమగును. పెద్దకాపు సభను గ్రామసభ యనుకొను భ్రాంతి మాకు లేదు.

ఈ గీటుఱాతిమీద మన శాసనములను గీచి చూతము. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతులకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది; చిన్ననీటి వనరులు, చేపల పెంపకము, ఉమ్మడి ఆస్తుల సంరక్షణము అందు చేరియున్నవి. "అప్పగింపవచ్చును" అనుటకును "అప్పగింపవలెను" అనుటకును గల యంతరము న్యాయవాది కాని పాఠకునికిని తెలియును. 1997లో ఆంధ్రప్రదేశమున సాగునీటి వ్యవస్థలను రైతుల యాజమాన్యమున కొప్పగించు చట్టమును చేసిరి. ప్రపంచబ్యాంకు మెప్పును, ఋణమును దానికి తోడైనవి. పదివేలకు పైగా నీటి వాడుకదారుల సంఘములు ఒక్కమాఱుగా వెలసినవి. ఆ చట్టము మంచి దిక్కునకు వేసిన అడుగే. కాని సంఘములు పైనుండి క్రిందికి వచ్చినవి. ఓటుహక్కు ప్రధానముగా ఆయకట్టు భూమి గలవారికే దక్కినది. చెరువుమీద బ్రదుకు చేపలవాడు, చాకలి, గొల్ల ఓటునకు వెలియైరి. సంఘపు పని మరామత్తు గుత్తలుగా కుంచించుకొని పోయిన తావులు పెక్కు. గడువు తీరినపిమ్మట వెంటనే ఎన్నికలు జరుపక కాలము గడపిన సందర్భములును కలవు. గడువు తీరగా పునరుద్ధరింపబడని సభ స్వపరిపాలనము కానేరదు.

తెలంగాణమున 2015లో ఆరంభించిన కాకతీయ పథకము 46,000కు పైగా చెరువులను బాగుచేయు సంకల్పముతో వెలువడినది. అందు పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనిరి. ఆ మట్టి తమ పొలమునకు ఎరువని వారికి తెలియును. కావున ఎవరును బలవంతపెట్టలేదు. పడిన శ్రమకును పొందిన ఫలమునకును పొంతన కుదిరినచోట పని ఎట్లు సాగునో ఇది నిదర్శనము. పూడిక తీసిన చెరువు మరల పూడకుండ చూచువారెవరు? తూము తీయు వంతులను నిర్ణయించువారెవరు? శిఖము భూమిని ఆక్రమించినవానిని అడుగువారెవరు? ఈ ప్రశ్నలకు పథకపు కాగితములు చెప్పు సమాధానము చాలదు. ఊరివారి నియమావళి చెప్పవలెను.

ఆక్రమణముల విషయమున సుప్రీంకోర్టు తన ధర్మమును నెఱవేర్చినది. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగు వ్యాజ్యమున, పంజాబులోని యొక గ్రామపు చెరువు నాక్రమించినవారిని వెడలగొట్టుటయేగాక, ఊరుమ్మడి భూములనుండి అక్రమ స్వాధీనదారులను తొలగించుటకు ఏర్పాటులు చేయవలసినదిగా రాష్ట్ర ప్రభుత్వముల నన్నింటిని ఆదేశించినది. దీర్ఘకాలపు ఆక్రమణమును, కట్టిన కట్టడముల ఖరీదును సాకుగా చూపరాదని కూడ చెప్పినది. ఈ తీర్పును ప్రతి గ్రంథాలయమునను చదివి వినిపింపవలెను. తీర్పు కాగితమును నడిపించుటకు కాళ్లు కావలెను. ఆ కాళ్లు ఊరివే.

మా సూచనలు కొలదివి, ఆచరణసాధ్యములు. ప్రతి చెరువునకును పూర్తి నీటిమట్టపు హద్దును కొలిచి, ఱాళ్లు పాతి, ఆ పటమును పంచాయతి కచ్చేరి గోడమీద అందఱికి కనబడునట్లు ఉంచవలెను. చెరువుమీద ఆధారపడు ప్రతి కుటుంబమునకును, భూమి యున్నను లేకున్నను, స్త్రీ యైనను పురుషుడైనను, సంఘమున ఓటుండవలెను. తూము వంతులు, మేతహక్కు, చేపల వేలము వీనిని గూర్చి నియమములు చేయు అధికారము సంఘమునకే యుండవలెను. ప్రభుత్వము రాజ్యాంగ భంగము కలిగినచోట తప్ప అడ్డము రాగూడదు. నీరుగంటి జీతము ఊరి నిధినుండి రావలెను. అప్పుడే అతడు ఊరికి జవాబు చెప్పును. మొదటి తప్పునకు మందలింపు, రెండవదానికి స్వల్ప జుల్మానా, అటుపిమ్మట హెచ్చు దండన యను వరుస నేర్పఱుపవలెను. లెక్కలు ఏటికి రెండుమాఱులు సభలో బిగ్గరగా చదువవలెను. ఎన్నికలు గడువునకు జరుగవలెను. పరదేశ నిధియైనను, ప్రభుత్వ నిధియైనను, ఇచ్చువారు మొదట "ఈ పని వలన ఎవరికి ఎవరితో అవసరము తీరిపోవును?" అని విచారించి, పిదపనే కాంక్రీటు కలుపవలెను.

ఇవి చేసినంతమాత్రమున కష్టములన్నియు తీరునని మేము చెప్పము. ఏ రోగమునకైనను ఒకే మందు పనికివచ్చునను భ్రమను ఆస్ట్రమ్ గారు జీవితాంతము ఖండించిరి. కొన్ని చెరువులకు ఊరి సంఘము చాలును. నదులకు రాష్ట్రముల ఒడంబడిక కావలెను. భూగోళపు వాతావరణమునకు దేశములన్నియు కలియవలెను. ఆ పెద్ద ఒడంబడికలు కుదురువఱకు చిన్నవారు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదనియు, ఊరిలోను పట్టణములోను జిల్లాలోను చేయు ప్రయత్నములన్నియు కలిసియే పెద్ద ప్రయత్నమగుననియు ఆమె తుదిదినములలో బోధించిరి. 17 లక్ష్యములను ప్రపంచరాజ్యములు వ్రాసికొన్నవి. వానిలో తన వంతు ఎంతయో ప్రతి యూరును తన చెరువుగట్టుమీద కూర్చుండి వ్రాసికొనవలెను.

పట్టణములలోని చదువరులకును ఇందు కర్తవ్యము లేకపోలేదు. మనలో అనేకులకు పల్లెలో నేటికిని పట్టాభూమి కలదు, చెరువు క్రింద ఆయకట్టు కలదు, కౌలు వచ్చుచున్నది. మరామత్తు సభకు మాత్రము మనము పోము. ఫలము గైకొని శ్రమను తప్పించుకొను వాడుకదారు ఎవరో కాదు, మనమే. ఈ యేడు వానలు దిగకపూర్వమే మన మన యూళ్లకు పోయి, చెరువు పటమును అడిగి తెప్పించి, సంఘపు లెక్కలను చూపుమని కోరుదము. చట్టము తెలిసినవాడు ఊరివారి నియమావళిని వ్రాసిపెట్టుటకు తోడ్పడవలెను. లెక్క తెలిసినవాడు నిధి లెక్కలను సరిచూడవలెను. ఢిల్లీనుండి స్వరాజ్యము 1947లో బయలుదేరినది. అది చెరువుగట్టు చేరువఱకు దారి చూపవలసిన భారము మనది.